పిల్లాపాపలతో మారిషస్‌కు మకాం మార్చాలంటే: హన్మకొండ నుంచి వెళ్లినవాళ్ల మాట

మా ఆయనకు మారిషస్‌లో ఉద్యోగం ఖాయమైందని ఇంట్లో చెప్పిన రోజు మా అత్తమ్మ అడిగిన మొదటి మాట, "గా సముద్రం నడుమ పిల్లలు ఏం తింటరు?" అని. మామయ్య కాసేపు ఊరుకుని "మళ్లెప్పుడొస్తరు?" అన్నారు. కంపెనీ పంపిన ఆఫర్ లెటర్ ఎన్నిసార్లు తిరగేసినా ఈ రెండింటికీ జవాబు దొరకలేదు, అది మేమే వెతుక్కోవాల్సి వచ్చింది. మేము మారిషస్ వెళ్లి ఇప్పటికి మూడేళ్లు దాటింది. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి తెలిసినవాళ్లు వరసగా ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఉద్యోగం ఇంట్లో ఒకరికే వస్తుంది, దేశం మాత్రం అందరూ మారుతారు. అందుకే ప్లాన్ ఉద్యోగం వచ్చిన మనిషిని బట్టి కాదు, వెంట వెళ్లేవాళ్లను బట్టి వేసుకోండి.

ఊరి సంగతి కొంచెం చెప్తాను. మారిషస్ మొత్తం వైశాల్యం దాదాపు 2,040 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఆరో వంతు కూడా ఉండదు. రాజధాని పోర్ట్ లూయీ. ఐటీ కంపెనీలు ఎక్కువగా ఎబెన్‌లో ఉంటాయి. ఆఫీసుల్లో ఇంగ్లీషు, పేపర్లలో ఫ్రెంచి, ఇళ్లలో, బజార్లో అక్కడి వాడుక భాష క్రియోల్. టైము మనకంటే గంటన్నర వెనక, కాబట్టి పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇక్కడ తాత, నాయనమ్మ ఇంకా మేల్కొనే ఉంటారు. అమెరికా వెళ్లినవాళ్లకు లేని సుఖం ఇది.

ముందు పర్మిట్ ఏదో తేల్చుకోండి

చదువుకుని ప్రొఫెషనల్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఇచ్చేది ఆక్యుపేషన్ పర్మిట్. పని చేసుకోవడానికీ అక్కడ ఉండడానికీ రెండింటికీ ఆ ఒక్కటే చాలు, అక్కడి ఎకనామిక్ డెవలప్‌మెంట్ బోర్డు ద్వారా దరఖాస్తు జరుగుతుంది. పెట్టుబడి పెట్టేవాళ్లకు, సొంతంగా పని చేసుకునేవాళ్లకు కూడా ఇందులోనే వేరే కేటగిరీలు ఉన్నాయి. భార్య లేదా భర్త, పిల్లలు డిపెండెంట్లుగా విడిగా రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి. ఇండియా కంపెనీకో అమెరికా కంపెనీకో ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ప్రీమియం వీసా అని ఇంకొకటి ఉంది. అది ఏడాదికి ఇస్తారు, మీ ఆదాయం మారిషస్ బయటి నుంచే రావాలి.

ఫ్యాక్టరీలు, కన్‌స్ట్రక్షన్, హోటళ్లలో పనులకు వెళ్లేవాళ్ల దారి వేరు. అక్కడ వర్క్ పర్మిట్ యజమానే తీసుకుంటాడు, ఎక్కువమంది ఒంటరిగానే వెళ్తారు. కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చా లేదా అన్నది ఏజెంటు నోటిమాట మీద నమ్మకండి, కాగితం మీద రాయించుకోండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ ఏజెంట్ల చేతుల్లో ఎన్ని ఇళ్లు అప్పులపాలయ్యాయో మనకు తెలియంది కాదు. ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. వాళ్లు తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. "ముందు టూరిస్టుగా పోదాం, అక్కడికి పోయినంక పర్మిట్ చూస్కుందాం" అన్నవాడితో ఇంకో మాట మాట్లాడకండి. టూరిస్టుగా దిగి పని చేస్తే అది నేరం, పట్టుబడితే పంపించేస్తారు.

ఇప్పుడు ఆడవాళ్లకు ముఖ్యంగా చెప్పాల్సింది. డిపెండెంట్‌గా వెళ్తే ఆ పర్మిట్ మీద ఉద్యోగం చేయొచ్చా, విడిగా పర్మిట్ కావాలా అన్నది ముందే కనుక్కోండి, వెళ్లగానే ఉద్యోగం చేయొచ్చని అనుకోకండి. నేను ఇక్కడ తొమ్మిదేళ్లు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. వెళ్లగానే ఉద్యోగం ఉండదని తెలిసే వెళ్లాను, అయినా మొదటి ఆరు నెలలు పొద్దున ఎనిమిదిన్నరకు అందరూ వెళ్లిపోయాక ఇల్లు మీద పడ్డట్టుండేది. చేతిలో పని ఉన్న మనిషి ఒక్కసారిగా ఖాళీ అయితే ఎట్లా ఉంటుందో భర్తలు ముందే ఆలోచించాలి. ఇద్దరూ కూర్చుని, ఒక జీతంతో ఎన్నేళ్లు, రెండోవాళ్లు ఏం చేస్తారు, ఉద్యోగం వెతకడమా, కోర్సా, ఇండియా నుంచి ఆన్‌లైన్ పని చేస్తే పర్మిట్ ఒప్పుకుంటుందా, ఇవన్నీ విమానం ఎక్కకముందే మాట్లాడుకోండి. ఉద్యోగం చేసే ఉద్దేశం ఉంటే ఇక్కడి నుంచే అప్లికేషన్లు మొదలుపెట్టండి.

కాగితాలు, వాటిలో పేర్లు

అన్నిటికంటే ఎక్కువ టైము తినేది ఇదే. మా పాప బర్త్ సర్టిఫికెట్ తీసి చూస్తే పేరు గడి ఖాళీ. పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్లు తల్లి పేరుతో "బేబీ ఆఫ్" అని పంపారు, అట్లాగే రికార్డుకెక్కింది. దానికి తోడు మా ఆయన పేరులో ఒక అక్షరం ఎక్కువ. పదేళ్లు బీరువాలో ఉన్న కాగితం, ఎవ్వరం సరిగా చదవలేదు. బడికి ఆధార్ సరిపోయింది, పాస్‌పోర్టు దగ్గర ఆగింది.

కాబట్టి ఆఫర్ రాకముందే ఒక ఆదివారం మంచం మీద అన్నీ పరిచి చూడండి. టెన్త్ మెమో, ఆధార్, పాన్, పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్. ఒక్కో మనిషి పేరు ఒక్కో కాగితంలో ఎట్లా ఉందో తెల్ల కాగితం మీద కింద కింద రాయండి. మనకు ఇంటిపేరుతోనే సగం చిక్కు. ఒకదాంట్లో పొడి అక్షరం, ఒకదాంట్లో మొత్తం ఇంటిపేరు, ఇంకోదాంట్లో అసలు పేరు వెనక. ఆడవాళ్లకు పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ కలగలిసిపోయి ఉంటాయి. అవతలి దేశంవాళ్లకు ఇవన్నీ వేరువేరు మనుషుల్లాగా కనిపిస్తాయి. నా సలహా ఏమిటంటే టెన్త్ మెమోలో ఉన్న పేరును ఆధారం చేసుకుని మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్చుకోండి, మెమో మార్చడం కంటే అది తేలిక. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి.

బర్త్ సర్టిఫికెట్‌లో పేరు చేర్చడానికి మీసేవలో దరఖాస్తు ఉంది. పెళ్లి ఎప్పుడో జరిగి రిజిస్టర్ కానివాళ్లు ఇప్పుడైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోవచ్చు. పెళ్లి పత్రిక, పెళ్లి ఫోటో, వయసు రుజువులు, సాక్షులు కావాలి. మా పెళ్లి పత్రిక పరకాలలో మా చిన్నమ్మ ఇంట్లో సందూకలో దొరికింది, పసుపు బొట్లతో సహా. మీ ఇంట్లో ఒక్కటి కూడా లేకపోతే చుట్టాలందరికీ ఫోన్ చేయండి, ఎవరో ఒకరు దాచే ఉంటారు.

తర్వాత అపోస్టిల్, అంటే మన కాగితాలు అసలైనవేనని వేరే దేశంవాళ్లు ఒప్పుకునేలా వేయించే ముద్ర. పుట్టిన సర్టిఫికెట్లు, పెళ్లి సర్టిఫికెట్, డిగ్రీలు ముందు రాష్ట్ర స్థాయిలో అటెస్ట్ చేయించి, ఆ తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ ముద్ర వేయించాలి. ఇండియా, మారిషస్ రెండూ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఎంబసీ చుట్టూ తిరగక్కర్లేదు. సర్టిఫికెట్లు లామినేషన్ చేయించి ఉంటే మాత్రం ఇబ్బంది పడతారు, ముద్ర కాగితం మీద పడాలి, ప్లాస్టిక్ మీద కాదు. జిరాక్స్ షాపులో కొత్త సర్టిఫికెట్ ఇవ్వగానే "లామినేషన్ చేద్దామా" అంటారు, వద్దనండి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లోనే అప్లై చేయాలి, దాన్ని చివర్లో తీసుకోండి, ముందే తీసుకుంటే పాతబడిపోతుంది. రక్త పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే కూడా పర్మిట్‌లో భాగమే. పిల్లల టీకాల కార్డు పోగొట్టుకోకండి, బడిలో అడుగుతారు.

ఒరిజినల్స్ అన్నీ చేతి సంచిలో. చెక్-ఇన్ బ్యాగులో వేయొద్దు.

బడి, బయలుదేరే నెల

ఇక్కడ జూన్‌లో బడులు తెరుస్తారు, అక్కడి జాతీయ విధానంలో చదువుల సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. ఈ ఒక్క తేడాను బట్టే బయలుదేరే నెల తేల్చుకోవాలి. మేము అనుకున్న పద్ధతి, ఇప్పటికీ ఇదే మంచిదంటాను: ఉద్యోగం ఉన్నవాళ్లు రెండు మూడు నెలలు ముందు వెళ్లి ఇల్లు, బడి చూసుకోవాలి, మిగతావాళ్లు డిసెంబర్‌లో వెళ్లాలి. పిల్లలు అందరితో పాటు కొత్త క్లాసులో మొదటి రోజు కూర్చుంటారు. మధ్యలో దిగబడ్డ పిల్లవాడికి భాష రాక, స్నేహితులు దొరకక నెలలు పడుతుంది. ఇక్కడి బడిలో టీసీ, బోనఫైడ్, మార్కుల కాగితాలు ఇంగ్లీషులో స్టాంపుతో తీసుకోండి. ఇంటర్నేషనల్ బడుల క్యాలెండర్లు వేరుగా ఉండొచ్చు, విడిగా అడగండి.

అక్కడ ఆరో గ్రేడ్ చివర జాతీయ పరీక్ష ఉంటుంది, అందులో ఫ్రెంచి తప్పనిసరి. పై తరగతుల్లో కేంబ్రిడ్జ్ పరీక్షలు. మూడో తరగతి లోపు పిల్లలకు టెన్షన్ అక్కర్లేదు, వాళ్లు ఆటల్లోనే క్రియోల్, ఫ్రెంచి రెండూ పట్టేస్తారు. మా బాబు నాలుగు నెలల్లో పక్కింటివాళ్లతో నాకు దుబాసీ అయ్యాడు. మా పాప ఐదో తరగతి నుంచి వెళ్లింది, తనకు కష్టమైంది, ఏడ్చింది కూడా. ఇక్కడుండగానే ఆరు నెలలు ఫ్రెంచి ట్యూషన్ పెట్టించి ఉంటే ఆ ఏడుపు సగం తగ్గేది. మీ పిల్లలు తొమ్మిదిలోనో పదిలోనో ఉంటే మాత్రం నా మాట వినండి, టెన్త్ అయ్యేదాకా ఇక్కడే ఉంచండి. ఒక ఏడాది అమ్మ పిల్లలతో ఇక్కడ, నాన్న అక్కడ ఉన్నా సరే.

ఒక మంచి మాట. మారిషస్ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఐచ్ఛికంగా ఎంచుకునే భాషల్లో తెలుగు ఉంది. మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు విభాగం ఉంది. బడి చూసుకునేటప్పుడు మొదటి రోజే "తెలుగు ఉందా" అని అడగండి.

డబ్బు, బ్యాంకు, భూమి

ఉద్యోగం మీద వెళ్లిపోయాక ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను అట్లాగే వాడుకోవడం విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టం ఒప్పుకోదు, దాన్ని ఎన్‌ఆర్‌ఐలకు ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి. ఇక్కడి అద్దెలు, కౌలు డబ్బులు అందులో పడతాయి. అక్కడి జీతం నుంచి పంపేదానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి, దానిమీద వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. ఇక్కడి సిమ్ కార్డు మాత్రం ఆపేయకండి. బ్యాంకు, ఆధార్, ఇన్‌కంటాక్స్ అన్నిటి ఓటీపీలూ ఆ నంబరుకే వస్తాయి, ఎస్ఎంఎస్‌లు రోమింగ్‌లో వచ్చేట్టు వెళ్లకముందే చేయించుకోండి. 2024 ఫిబ్రవరి 12 నుంచి మారిషస్‌లో యూపీఐ మొదలైంది, కానీ మొదటి నెలకు దాన్నే నమ్ముకుని వెళ్లకండి.

భూమి ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక వ్యవసాయ భూమి కొత్తగా కొనడం కుదరదు. ఇక్కడ ఉన్నప్పుడు కొన్నది, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. పొలం కొనాలనో అన్నదమ్ములతో పంపకాలు తెంపుకోవాలనో ఉంటే వెళ్లకముందే పని పూర్తి చేయండి, పాస్‌బుక్‌లో పేరు, విస్తీర్ణం సరిచూసుకోండి. ఇంటికి, ప్లాటుకు నమ్మకమైన మనిషి పేరున పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టర్ చేయించండి, ఏ పనికి ఇస్తున్నారో స్పష్టంగా రాసి, ఆ పనికే పరిమితం చేసి. అక్కడి నుంచి చేయించాలంటే భారత హైకమిషన్ చుట్టూ తిరగాలి.

పెట్టెల్లో ఏం పెట్టాలి

ఫర్నిచర్ వద్దు. అద్దె ఇళ్లు చాలావరకు సామానుతోనే దొరుకుతాయి. మిక్సీ, ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ పాత్ర, రొట్టెల పెనం తీసుకెళ్లండి. కరెంటు మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు మాత్రం మూడు చదరపు పిన్నులది, నాలుగైదు అడాప్టర్లు ఇక్కడే కొనండి.

తినేవాటి గురించి అత్తమ్మ బెంగ అక్కడ దిగిన రెండో రోజే తీరిపోయింది. క్వాత్ర్ బోర్న్ సంతలో ఒక ముసలామె ఆకుకూరల కట్టలు పేర్చుకుని కూర్చుంది. నేను వేలితో చూపిస్తే ఆమె "కొతొమిలి" అంది. నేను "కొత్తిమీర" అన్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కరివేపాకును "కారిపూలే" అంటారు, మునగాకును "బ్రెద్ మురుం". వీధిలో అమ్మే ధోల్‌పూరీలో శనగపప్పు పొడి పెట్టి కాలుస్తారు, తీపి లేని బొబ్బట్టు అనుకోండి, పిల్లలు మొదటి రోజు నుంచే తిన్నారు.

అయినా కారం, పచ్చళ్లు లేకుండా మనం కదలం. ఎనుమాముల మార్కెట్ మిర్చి పట్టించిన కారం, పసుపు, సకినాల పిండి గట్టిగా సీలు వేసి, ఏముందో ఇంగ్లీషులో రాసి పెట్టండి, అడిగితే దాచకుండా చెప్పండి. మొక్కలు, విత్తనాలు, తాజా పండ్లు, కూరగాయలు, మాంసం పర్మిట్ లేకుండా తీసుకెళ్లకూడదు, చెరకు దేశం కాబట్టి పంట తెగుళ్ల విషయంలో చాలా గట్టిగా ఉంటారు. పెరట్లో వేసుకుందామని గోంగూర గింజలు, చిక్కుడు గింజలు కొంగున కట్టుకునే అలవాటు మనకు ఉంది, దయచేసి వద్దు. అంతకంటే ముఖ్యం మందులు. ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రమాత్రలు ఇక్కడ తేలిగ్గా దొరుకుతాయి, అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, ఎయిర్‌పోర్టులోనే అరెస్టు కావచ్చు. ఇంట్లో ఎవరికైనా అట్లాంటి మందులు తప్పవంటే డాక్టర్ చీటీ పట్టుకుని ముందే అనుమతి తీసుకోండి. ఇంకెవరో ఇచ్చిన పొట్లం మాత్రం ఎంత దగ్గరివాళ్లైనా తీసుకెళ్లకండి.

ఇల్లు, వాన, తుఫాను

సముద్రం పక్కన ఇల్లు కావాలని అందరికీ ఉంటుంది. తీరంలో ఎండ, ఉక్క ఎక్కువ, ఆఫీసుకు దూరం. మధ్యలో ఎత్తు మీద ఉన్న క్యూర్‌పిప్ వైపు వానలు, చలి ఎక్కువ, గోడలు చెమ్మగిల్లుతాయి, బట్టలు ఆరవు. పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పిప్ దాకా మెట్రో ఉంది, ఆ దారిలో రోజ్ హిల్, క్వాత్ర్ బోర్న్‌లలో ఇల్లు చూసుకుంటే మొదటి ఏడాది కారు లేకపోయినా నడుస్తుంది. మూడు చూడండి: మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఎంత పెద్దది, మోటారు ఉందా, గట్టి వాన పడితే ఇంటి ముందు నీళ్లు ఎటు పోతాయి. ఎండకాలం మొదట్లో నీళ్లకు కటకట ఉంటుంది.

ఎండకాలం అంటే అక్కడ నవంబర్ నుంచి ఏప్రిల్, మనకు తలకిందులు. తుఫానులు వచ్చేదీ ఆ నెలల్లోనే. హెచ్చరికలు 1 నుంచి 4 దాకా ఉంటాయి, గంటకు 120 కిలోమీటర్ల ఈదురుగాలి నమోదైతే నాలుగోది. మనం వరంగల్‌లో పుట్టి పెరిగినవాళ్లం, వానలకు కాలనీలు మునగడం చూశాం కానీ ఇట్లాంటి గాలి చూడలేదు. నేను మొదటిసారి విన్నప్పుడు అది వర్షం చప్పుడు కాదు, లారీ ఇంటి చుట్టూ తిరుగుతున్నట్టుంది. కిటికీ రెక్కల సందుల్లోంచి నీళ్లు చిమ్ముతుంటే పాత చీరలు కుక్కాం, పిల్లలను మధ్య గదిలో పరుపు మీద పడుకోబెట్టాం. ఇళ్లు చాలావరకు గట్టి స్లాబువి కాబట్టి ఇంట్లో ఉంటే భయం తక్కువ, ఎక్కువ భయం రోడ్డు మీద ఉన్నవాళ్లకే. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను నాడు పోర్ట్ లూయీలో కార్లు నీళ్లలో కొట్టుకుపోయాయి. కాబట్టి ఒకటో హెచ్చరిక రాగానే బకెట్లు, డ్రమ్ములు నింపండి, బియ్యం, పాలపొడి, కొవ్వొత్తులు, టార్చి, పవర్ బ్యాంకు, గ్యాసు చూసుకోండి, బాల్కనీలో కుండీలు లోపల పెట్టండి. రెండో హెచ్చరిక వచ్చాక ఎవ్వరినీ బయటికి పంపకండి, ఆఫీసు పిలిచినా సరే.

అక్కడి తెలుగువాళ్లు, ఇక్కడి పెద్దవాళ్లు

19వ శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడల్లో చెరకు తోటల పనికి వెళ్లినవాళ్ల వారసులు అక్కడి తెలుగువాళ్లు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. ఊళ్లలో రామభజనం చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. చాలామంది ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, తెలుగు బడిలో నేర్చుకున్నది. మన తెలంగాణ మాట వాళ్లకు కొత్త, కొంచెం నెమ్మదిగా మాట్లాడండి. వెళ్లిన మొదటి నెలలోనే దగ్గర్లోని తెలుగు గుడికి వెళ్లి పేరు చెప్పుకోండి. నాకు ఒక బడిలో ఉద్యోగం, దానికి పర్మిట్, ఇవన్నీ ఆ గుడిలో పరిచయమైన ఒక అక్క వల్లే. బతుకమ్మకు తంగేడు, గునుగు దొరకవు, బంతి, మందారం, అక్కడ బాగా పండించే ఆంథూరియం పూలతో పేర్చాం. గుడి ఆవరణలో ఆడితే అక్కడి ఆడవాళ్లు కూడా వచ్చి చప్పట్లు కలిపారు.

చివరిగా, మీ పాస్‌పోర్టులతో పాటే అమ్మానాన్నలవి, అత్తమామలవి కూడా అప్లై చేయించండి. వరంగల్ పోస్టాఫీసులోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి మీరు దగ్గరుండి తీసుకెళ్లగలిగినప్పుడే పని అయిపోవాలి, మీరు వెళ్లాక వాళ్లంతట వాళ్లు తిరగలేరు. చుట్టపుచూపుగా వచ్చే మనవాళ్లకు 60 రోజుల దాకా ముందు వీసా అక్కర్లేదు, తిరుగు టికెట్, ఉండే ఇంటి అడ్రసు, ఖర్చులకు డబ్బు చూపిస్తే దిగాక ఇస్తారు, ఆన్‌లైన్‌లో ట్రావెల్ ఫారం మాత్రం బయలుదేరేముందు నింపాలి. ఇక్కడ మే ఎండలు మండుతున్నప్పుడు పిలిపించుకుంటే వాళ్లకు సుఖం, మా అత్తమ్మ, మామయ్య అట్లాగే వచ్చి నెలన్నర ఉన్నారు. స్వెటర్లు, మందుల చీటీలు మర్చిపోవద్దని చెప్పండి.